మూడో క్వార్టర్‌లో ఊట

నల్గొండ దగ్గరి ఒక ప్రభుత్వ బడి పీఈటీ సార్ అడిగిన ప్రశ్న ఇది: "మా హాకీ పిల్లలతో పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తున్న. అయినా మూడో క్వార్టర్ వచ్చేసరికి బంతి మీదికి ఉరకలేకపోతున్నరు. ఎందుకు?"

హాకీ ఒకే వేగంతో పరిగెత్తే ఆట కాదు. నడక, జాగింగ్, ఉన్నట్టుండి నాలుగైదు సెకన్ల స్ప్రింట్, మళ్లీ నడక. పైగా నడుం వంచి బంతిని తీసుకెళ్తుంటే, అదే వేగంతో మామూలుగా పరిగెత్తేదానికన్నా శక్తి ఎక్కువ ఖర్చవుతుంది.

కండరానికి నేరుగా శక్తినిచ్చే రసాయనం ఏటీపీ. దాని నిల్వ రెండు మూడు సెకన్లకు మించి రాదు. అది అడుగంటకుండా, కండరంలోనే ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే ఇంకో నిల్వ తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి (ఖర్చయిపోయిన ఏటీపీకి) ఇచ్చేసి మళ్లీ ఏటీపీగా మారుస్తుంది. ఆరు సెకన్లు ప్రాణం పెట్టి ఉరికితే ఈ రెండో నిల్వలో దాదాపు సగం ఖాళీ.

మన వైపు బోర్లు చాలావరకు ఆగి ఆగి పోస్తాయి కదా. మోటార్ వేయగానే దబదబా పోసి, కాసేపటికి నీళ్లు ఆగి గాలి వస్తుంది. ఊట ఊరేదాకా రైతు ఆగాల్సిందే. క్రియాటిన్ ఫాస్ఫేట్ అలా బోరులో నిలిచిన నీళ్లే. స్ప్రింట్ తర్వాత పోయినదాంట్లో సగం తిరిగి ఊరడానికి అర నిమిషం అటూ ఇటూ పడుతుంది, మొత్తం నిండాలంటే కొన్ని నిమిషాలు. ఆలోపే బంతి మళ్లీ వస్తే రెండో స్ప్రింట్ సగం నీళ్లతో మొదలవుతుంది, మూడోది ఇంకా తక్కువతో. తొడల బలం ఒక్కటే పెంచడమంటే అదే బోరుకు పెద్ద మోటార్ బిగించడం. ఇంకా తొందరగా గాలి వస్తుంది. మొదటి క్వార్టర్‌లో అందరికన్నా వేగంగా ఉరికినవాడే తర్వాత ముందుగా చతికిలబడేది తరచుగా ఇందుకే.

ఈ ఊట కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలది, వాటికి ఆక్సిజన్ కావాలి. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. అలసిన కాలికి గట్టిగా పట్టీ బిగించి రక్తం ఆపేస్తే క్రియాటిన్ ఫాస్ఫేట్ తిరిగి పెరగనే పెరగదు. పట్టీ విప్పగానే పెరగడం మొదలవుతుంది. ఆటగాడు నడుస్తూ ఎగశ్వాస తీసుకునే ఆ కొద్ది సెకన్లలోనే తర్వాతి స్ప్రింట్ తయారవుతోంది!

కండిషనింగ్ (దమ్ము పెంచే శిక్షణ) పెంచేది ఈ ఊటనే. 2001లో అచ్చయిన నార్వే అధ్యయనంలో జూనియర్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు వారానికి రెండుసార్లు, 8 వారాల పాటు, గరిష్ఠ గుండె వేగంలో 90-95 శాతం వచ్చేలా 4 నిమిషాల చొప్పున నాలుగు విడతలు పరిగెత్తారు. మధ్యలో 3 నిమిషాలు మెల్లగా జాగింగ్. మ్యాచ్‌లో వాళ్లు పరిగెత్తిన దూరం 20 శాతం పెరిగింది, స్ప్రింట్లు రెట్టింపయ్యాయి. ఆట వేరైనా కండరం అదే.

రౌండ్లను శిక్షగా వేయించడం మాత్రం మానాలి. పరుగంటేనే పిల్లలకు విరక్తి పుడుతుంది. ఆట మధ్యలో నీళ్లు తాగకూడదన్న నమ్మకం ఇంకా చెడ్డది, నల్గొండ ఎండల్లో అది ప్రమాదం కూడా.

సార్, ఈ నాలుగు నిమిషాల విడతలు వేయించడానికి మీకు గుండె వేగం కొలిచే మీటర్లు అక్కర్లేదు. విడత చివరి నిమిషంలో పిల్లవాడు రెండు మాటలకు మించి మాట్లాడగలిగితే వేగం చాలలేదన్నట్టు. ఇంకొకటి, సెలవుల్లో పూర్తిగా మానేస్తే రెండు మూడు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, తగ్గి ఊట మందగిస్తుంది. జూన్‌లో బడి తెరవగానే టోర్నమెంట్ టెన్షన్ పెట్టకుండా ఊట తిరిగి పుంజుకోవడానికి వాళ్లకు కొన్ని వారాలు ఇవ్వండి.