తుపాకీ ముందు, పట్టా వెనక: తెలంగాణ పల్లెలు ఎలా చల్లబడ్డాయి

శివరాంపల్లి అంటే ఇప్పుడు హైదరాబాద్ వాసులకు గుర్తొచ్చేది జాతీయ పోలీసు అకాడమీ. 1951 ఏప్రిల్‌లో సర్వోదయ సమ్మేళనం కోసం గాంధేయవాది వినోబా భావే కాలినడకన వచ్చింది ఆ ఊరికే. సభ ముగిశాక ఆయన నల్లగొండ పల్లెల వైపు నడిచారు. అప్పటికి రెండున్నరేళ్లుగా ఆ పల్లెల్లో సైన్యం, పోలీసులు కమ్యూనిస్టుల సాయుధ రైతాంగ దళాల కోసం గాలిస్తున్నారు.

భారత సైన్యానికి నిజాం లొంగిపోవడానికి అయిదు రోజులే పట్టింది, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు. పల్లె మాత్రం లొంగలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపిన నాటి నుంచి అక్కడి పోరు వెట్టి మీద, భూమి మీద. దీన్ని భారతదేశం నుంచి విడిపోవాలన్న ఉద్యమమని అనలేం. కానీ ఊళ్లు వదిలి పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని సైన్యం వెంట తిరిగొచ్చి, పేదలు దున్నుకుంటున్న చెలకలను లాక్కుంటుంటే, కొత్త ప్రభుత్వం తమదని రైతుకూలీలు ఎలా నమ్ముతారు?

జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక పాలనలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రెండూ మంచి పనులే. అయితే సోదాలు, నిర్బంధ శిబిరాలు, కోయగూడేలను ఖాళీ చేయించడం వాటికంటే ముందే ఊళ్లకు చేరాయి. ఈ వరస తప్పని నా గట్టి అభిప్రాయం. పాఠం ఇంట్లోనే ఉంది: 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపిన తర్వాత, గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వమే మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆ తర్వాతే గోండులకు పట్టాలు, మార్లవాయిలో గోండీ బడి వచ్చాయి. అక్కడా తూటాయే ముందు.

ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా దళితవాడకు వెళ్లి ఏం కావాలని అడిగారు. ఎనభై ఎకరాలు, సగం తరి (నీటి పారుదల ఉన్నది), సగం ఖుష్కి (మెట్ట) అన్నారు వాళ్లు. ప్రభుత్వం ఇచ్చేలోగా ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. తర్వాత దానంగా వచ్చిన భూముల్లో సాగుకు పనికిరానివి ఎన్నో ఉన్నాయి.

1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. కొద్ది నెలలకే జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో, కమ్యూనిస్టులు పోటీకి వాడుకున్న పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) తరఫున నల్లగొండలో నిలబడిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.