చేతులు కట్టుకున్న అణువు

పుట్టిన మూడో రోజున ఒళ్లు పచ్చబడిన బిడ్డకు మందేదీ ఇవ్వకుండా, కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టారనీ, వెలుగు సోకితే కామెర్లు ఎలా దిగుతాయో ఎవరూ వివరించలేదనీ ఒక పాఠకురాలు రాశారు. నవజాత శిశువుల వైద్యంలో ఇంతకంటే సొగసైన రసాయన శాస్త్రం నాకు కనిపించదు. అందుకే స్నానం, నిద్ర, టీకాల సంగతులు పక్కన పెట్టి ఈ ఒక్క ప్రశ్ననే తీసుకుంటున్నాను.

నెలలు నిండి పుట్టిన శిశువుల్లో సుమారు 60 శాతం మందికీ, నెలలు నిండకుండా పుట్టినవారిలో సుమారు 80 శాతం మందికీ మొదటి వారంలో కామెర్లు కనిపిస్తాయి. గర్భంలో అవసరమై అధికంగా తయారైన ఎర్ర రక్తకణాలు పుట్టాక వేగంగా విచ్ఛిన్నమవుతాయి. వాటిలోని హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) మొదట బిలివర్డిన్‌గా, ఆపైన బిలిరుబిన్‌గా మారుతుంది. మొదటిది ఆకుపచ్చ, రెండోది పసుపుపచ్చ. రెండు రంగులనూ ‘పచ్చ’ అనే ఒక్క మాటలో ఇమిడ్చిన మన భాష ఈ పాఠం దగ్గర విద్యార్థులను కాస్త తికమక పెడుతుంది. బిలివర్డిన్ నీటిలో కరుగుతుంది కనుక దాన్ని నేరుగా బయటికి పంపవచ్చు. అయినా శరీరం పనిగట్టుకుని దాన్ని నీటిలో కరగని బిలిరుబిన్‌గా ఎందుకు మారుస్తుంది? గర్భస్థ శిశువు వైపు నుంచి చూస్తే ఒక సమాధానం దొరుకుతుంది: కొవ్వులో కరిగే బిలిరుబిన్ మాయను (ప్లాసెంటాను) దాటి తల్లి రక్తంలో చేరుతుంది, మిగతా పని ఆమె కాలేయం చూసుకుంటుంది. బొడ్డుతాడు కోయడంతో ఆ సదుపాయం పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బిలిరుబిన్ అణువును చేతులు కట్టుకుని కూర్చున్న మనిషిగా ఊహించండి. దానికి నీటిని ఇష్టపడే రెండు ఆమ్ల సమూహాలున్నాయి, అవే చేతులు. ఎడమ చెయ్యి కుడి భుజాన్నీ, కుడి చెయ్యి ఎడమ భుజాన్నీ మూడేసి హైడ్రోజన్ బంధాలతో బిగించి పట్టుకుంటాయి. చేతులు ఖాళీగా లేవు కనుక నీరు పలకరించినా అందుకోవడానికి ఏమీ ఉండదు. కాలేయంలోని ఒక ఎంజైమ్ ఆ చేతులకు నీటిలో కరిగే గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి పట్టు విడిపిస్తుంది. అప్పుడది నీటిలో కరిగి పిత్తంతో పేగుల్లోకి వెళుతుంది. అయితే పుట్టినప్పుడు ఆ ఎంజైమ్ పనితనం పెద్దవారిలో ఉండేదానిలో సుమారు ఒక్క శాతమే. అందుకే బిలిరుబిన్ పేరుకుని ఒళ్లు పచ్చబడుతుంది.

నీలి దీపం చేసేది ఇక్కడే. సుమారు 460 నుంచి 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని చర్మంలోని బిలిరుబిన్ పీల్చుకోగానే, అణువులోని ఒక ద్విబంధం చుట్టూ ఒక భుజం వెనక్కి తిరిగిపోతుంది. భుజం తిరిగితే దాన్ని పట్టుకున్న చెయ్యి జారిపోతుంది, ఆ చెయ్యి నీటికి అందుతుంది. కాలేయపు ఎంజైమ్ అవసరమే లేకుండా అణువు పిత్తంలోకి దారి పడుతుంది. ఈ తిప్పుడు శాశ్వతం కాదు. పేగుల దాకా వెళ్లాక అణువు మళ్లీ చేతులు కట్టుకోవచ్చు, కొంత తిరిగి రక్తంలోకి పీల్చుకోబడవచ్చు. కాని కొన్ని అణువుల్లో భుజం దగ్గర కొత్త వలయం ఏర్పడి లూమిరుబిన్ తయారవుతుంది. అది ఇక ముడుచుకోలేదు. పిత్తంతోనే కాక మూత్రంతోనూ బయటికి పోతుంది. ఇది అతినీలలోహిత కిరణాల పని కాదు, కంటికి కనిపించే నీలి వెలుగే. చర్మం ఎంత ఎక్కువగా వెలుగులో ఉంటే అంత మేలు కనుకనే బిడ్డకు బట్టలు తీసేస్తారు. గంతలు కళ్ల రక్షణకు.

దీన్ని మొదట గమనించింది ఒక నర్సు. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో, జీన్ వార్డ్ నెలలు నిండని పసివాళ్లను ఎండపొడకు తీసుకువెళ్లేవారు. ఒక బిడ్డకు దుప్పటి కప్పిన మేర చర్మం పచ్చగా ఉండి, మిగిలిన ఒళ్లు తేటగా ఉండటం ఆమె వైద్యులకు చూపించారు. ఆ తర్వాత ఎండలో ఉండిపోయిన రక్త నమూనాలో బిలిరుబిన్ తగ్గినట్టు తేలింది. 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో దీపచికిత్స గురించి వ్యాసం వెలువడింది. అలాగని ఇంట్లో బిడ్డను ఎండలో పడుకోబెట్టడం చికిత్స కాదు. మోతాదు తెలియదు, చర్మం కందవచ్చు, ఒళ్లు వేడెక్కనూ వచ్చు. నీళ్లు పట్టడం వల్లా ఉపయోగం లేదు. రోజుకు 8 నుంచి 12 సార్లు తల్లిపాలు ఇస్తే విరేచనాలు సాఫీగా అయి, పేగుల్లోని బిలిరుబిన్ బయటికి పోతుంది.

చాలామంది శిశువుల్లో పచ్చదనం రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఈ లోపు కట్టిన ప్రతి తాయెత్తుకూ ఆ పేరు దక్కుతుంది. నమ్మకం కన్నా ఆలస్యం ప్రమాదకరం, ఎందుకంటే మాయను దాటించిన కొవ్వు గుణమే మితిమీరిన బిలిరుబిన్‌ను మెదడులోకీ చేర్చి శాశ్వత నష్టం కలిగించగలదు. తొలి 24 గంటల్లోనే పచ్చబడినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, కీచుగా ఏడుస్తూ ఒళ్లు వెనక్కి విరిచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దీపం కింద చర్మం ముందే తేటపడుతుంది కనుక, ఎంత తగ్గిందో చెప్పాల్సింది రక్తపరీక్షే.

రెండు వారాలు దాటినా పచ్చదనం పోకుండా, మలం సుద్దలా తెల్లబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే కథ వేరు. అప్పుడు కాలేయం చేతులు విడిపించే పని పూర్తిచేసే ఉండవచ్చు, కాని పిత్తనాళాలు మూసుకుపోయి అణువుకు దారి లేకపోవచ్చు. అక్కడ దీపానికి పని లేదు. కావలసింది శస్త్రచికిత్స, అదీ బిడ్డకు 60 రోజులు నిండేలోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.