కుజుడు నిజంగా వెనక్కి నడుస్తాడా?

ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది: "కుజుడు వక్రించాడు అంటుంటారు కదా, వెనక్కి తిరగాలంటే ముందు ఆగాలి, మరి ఆగితే సూర్యుడిలో పడిపోడా?" భలే ప్రశ్న. నిజమే, ఆగితే పడిపోతాడు. కాబట్టి ఆగడు, వెనక్కీ తిరగడు. మరి మనకెందుకలా కనిపిస్తుంది?

గ్రహాల పేర్లు, సైజులు పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉంటాయి, వదిలేద్దాం. ఒక తికమక మాత్రం ముందే తీర్చుకోవాలి. వక్రంలో ఉన్నప్పుడు కూడా కుజుడు రోజూ తూర్పునే ఉదయించి పడమరే అస్తమిస్తాడు. తేడా తెలిసేది నక్షత్రాలతో పోల్చి చూసినప్పుడే. మామూలుగా అయితే ఈ రాత్రి ఒక నక్షత్రం పక్కనున్నవాడు వారం తర్వాత దానికి తూర్పుగా జరిగి ఉంటాడు. 26 నెలలకోసారి మాత్రం నెమ్మదించి, నిలబడి, రెండు రెండున్నర నెలలు పడమటికి జరిగి, మళ్లీ నిలబడి, తూర్పు దారి పడతాడు.

ఒక గుండ్రటి రన్నింగ్ ట్రాక్ ఊహించుకోండి. లోపలి లేన్‌లో మీరు, బయటి లేన్‌లో ఇంకొకడు, ఇద్దరూ ఒకే వైపు పరిగెడుతున్నారు, చాలా దూరంలో చుట్టూ చెట్లు. మీరు భూమి, అతను కుజుడు, చెట్లు నక్షత్రాలు. మీ లేన్ చిన్నది, పైగా మీ స్పీడూ ఎక్కువే: మీది సెకనుకు దాదాపు 29.8 కిలోమీటర్లు, అతనిది 24.1. అతను మైదానం అవతలి పక్కన ఉన్నప్పుడు మీరిటు, అతనటు వెళ్తుంటారు కాబట్టి చెట్ల ముందు నుంచి జోరుగా ముందుకు పోతున్నట్టు కనిపిస్తాడు. మీరు వెనకనుంచి దగ్గరవుతున్నకొద్దీ ఆ జోరు తగ్గుతుంది. దాటడానికి కాస్త ముందు, కొంతసేపు ఒకే చెట్టుకు అతుక్కుపోయినట్టుంటాడు. సరిగ్గా పక్కనుంచి దాటేస్తున్నప్పుడు చెట్ల ముందు వెనక్కి జారిపోతాడు. పాపం అతను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు! దాటి కొంత దూరం వెళ్లాక మళ్లీ ఒక చెట్టు దగ్గర ఆగినట్టుండి, ముందుకు సాగుతాడు. మీ రౌండు 365 రోజులు, అతనిది 687. ఆ లెక్కన మీరు అతన్ని దాటేది 780 రోజులకోసారి. ఆ 26 నెలలు వచ్చింది ఇక్కడి నుంచే.

లెక్క కూడా వేసేద్దాం. దాటే సమయంలో వేగాల తేడా సెకనుకు 5.7 కిలోమీటర్లు, అంటే రోజుకు దాదాపు 4.9 లక్షలు. మధ్య దూరం సగటున 7.8 కోట్ల కిలోమీటర్లు. భాగిస్తే సుమారు 0.0063 రేడియన్లు (రేడియన్ కూడా కోణానికి ఒక కొలతే, ఒక్కోటి 57.3 డిగ్రీలు), 57.3తో గుణిస్తే రోజుకు 0.36 డిగ్రీలు. పౌర్ణమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ కాబట్టి కుజుడు అంత దూరం వెనక్కి జరగడానికి రోజున్నర చాలు.

పూర్వం టోలెమీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు భూమిని మధ్యలో నిలబెట్టి, వక్రం కోసం పెద్ద చక్రం మీద చిన్న చక్రం తిప్పాడు. లెక్క చాలావరకు కుదిరింది. కానీ కుజుడు వక్రించేది ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా, సూర్యాస్తమయం వేళ ఉదయిస్తూ, బాగా వెలిగిపోతున్నప్పుడే. అలా ఎందుకో ఆ చక్రాల్లో కారణం దొరకదు. 1543లో కోపర్నికస్ భూమిని కూడా పరిగెత్తించాడు, అంతే, జవాబు దానంతటదే వచ్చేసింది: దాటేటప్పుడే కదా దగ్గరగా ఉండేది!

బుధుడు వక్రిస్తే ఫోన్లు పాడవుతాయని టెన్షన్ పడేవాళ్లున్నారు. అక్కడ జరిగేదల్లా, ఇంకా లోపలి లేన్‌లో ఉన్న బుధుడు ఏడాదికి మూడు నాలుగుసార్లు మనల్ని దాటేయడమే. ఈ ఒక్క బొమ్మ బోర్డు మీద గీసి చూపిస్తే సగం భయాలు పోతాయి, మనమేమో గ్రహాల వరుస బట్టీ పట్టిస్తాం.

2027 ఫిబ్రవరి 19న కుజుడు సూర్యుడికి ఎదురుగా వస్తాడు, సింహరాశిలో మఖ నక్షత్రానికి దగ్గర్లో. జనవరి నుంచి మార్చి దాకా వారానికోసారి కాగితం మీద మఖకు ఏ పక్క ఎంత దూరంలో ఉన్నాడో చుక్క పెట్టండి. ఒక్క రాత్రి చూస్తే చాలదు. 1612 డిసెంబరులో గెలీలియో గురుగ్రహం పక్కన నెప్ట్యూన్‌ని చూసి కూడా నక్షత్రమని రాసుకున్నాడు, ఎందుకంటే అది సరిగ్గా అప్పుడే వక్రంలోకి తిరుగుతూ దాదాపు కదలకుండా ఉంది. అది గ్రహమని 1846లో గానీ తేలలేదు.