క్యాంపు ముందా, టూర్ ముందా?

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ 2026 జూలై 19న. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కొత్త సీజన్ మొదలయ్యేది ఆగస్టు 22న. మధ్యలో మిగిలేది 33 రోజులు. ఫైనల్ దాకా ఆడినవాడు ఆ 33 రోజుల్లోనే ఇంటికెళ్లి పడుకోవాలి, ఒంటిని మళ్లీ దారిలో పెట్టుకోవాలి, క్లబ్ రమ్మంటే ఇంకో ఖండానికి విమానం కూడా ఎక్కాలి. ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో అడుగుతున్నది కనీసం నాలుగు వారాల సెలవు, ఆపైన నాలుగు వారాల సాధన. కలిపితే 56 రోజులు. 2026 వేసవికి ఈ లెక్క కుదరడం లేదు. సీజన్ మొదలవకముందు క్లబ్బులు చేసే విదేశీ ప్రీసీజన్ టూర్ల గొడవ మళ్లీ రాజుకున్నది అందుకే.

క్లబ్బులు విదేశాలు తిరగడం కొత్తేమీ కాదు. పీలే ఉన్న రోజుల్లో బ్రెజిల్ క్లబ్ సాంటోస్ ఎన్ని దేశాల్లో ఆడిందో ఫుట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు. ఆల్ప్స్ కొండల్లోని చిన్న ఊరికి వెళ్లి పది రోజులు క్యాంపు వేయడం కూడా యూరప్‌లో పాత అలవాటే. డబ్బు కోసం టూర్, ఒంటి కోసం క్యాంపు. ఈ రెండూ వేరువేరు పనులుగా ఉన్నన్నాళ్లూ పేచీ లేదు. రెంటినీ కలిపేసి, దానికే సన్నద్ధత అని పేరు పెట్టిన వేసవి ఒకటుంది. ఇవాళ్టి తగాదా మూలం అక్కడే ఉందని నేననుకుంటున్నాను. అది 2003.

ఆ ఏడాది జూన్‌లో రియల్ మాడ్రిడ్ స్పెయిన్ లీగ్ లా లీగా గెలిచింది. గెలిచిన మర్నాడే కోచ్ డెల్ బోస్కేను కొనసాగించట్లేదని తేల్చేసింది. కార్లోస్ కైరోష్ వచ్చాడు. మాంచెస్టర్ యునైటెడ్ నుంచి డేవిడ్ బెక్‌హామ్ వచ్చాడు. కొత్త కోచ్, కొత్త జట్టు కూర్పు. ఒకరినొకరు తెలుసుకోవడానికి ఓ మూల ప్రశాంతంగా కూర్చోవాల్సిన సమయమది. జట్టు ఆసియాకు బయల్దేరింది. మొదటి మజిలీ చైనాలోని కున్మింగ్. చోటు ఎంపికను తప్పుపట్టలేం. దాదాపు 1,900 మీటర్ల ఎత్తు, వేసవిలోనూ మండని ఎండ, మంచి మైదానాలు. కానీ ప్రాక్టీస్ చూడటానికే వేలమంది వచ్చారు. అక్కడి నుంచి బీజింగ్, టోక్యో, హాంకాంగ్, బ్యాంకాక్. ప్రతిచోటా ఒక మ్యాచ్, ఒక విమానం, ఒక హోటల్.

గడియారం సంగతే చూడండి. మాడ్రిడ్‌తో పోలిస్తే ఆ కాలంలో కున్మింగ్, బీజింగ్, హాంకాంగ్ ఆరు గంటలు ముందుంటాయి. టోక్యో ఏడు, బ్యాంకాక్ ఐదు. ఒక్కో గంట తేడాకు ఒంటికి దాదాపు ఒక రోజు పడుతుందని ఫిజియోలు చెప్పే మోటు లెక్క. అంటే నిద్ర కుదురుకునే లోపే ఊరు మారిపోతుంది. ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి.

ప్రీసీజన్ తొలి వారాల్లో జరిగే పని బయటికి కనపడదు. పొద్దున పరుగు, సాయంత్రం బంతితో ఇంకో సెషన్. మొదటి మూడు నాలుగు రోజులు తొడలు పట్టేసి మెట్లు దిగడమే కష్టం. కండరం నలిగి, నిద్రలో కోలుకుని, మర్నాడు కాస్త ఎక్కువ భారం మోయగలగాలి. నలగడం ఎంత ముఖ్యమో నిద్ర అంత ముఖ్యం. విమానాలు ఎక్కిదిగే జట్టులో కోచ్ చేసేది ఒక్కటే, కష్టమైన సెషన్లు తగ్గించడం. మ్యాచ్ ఉంది కాబట్టి ముందు రోజు తేలిక, ప్రయాణం ఉంది కాబట్టి తర్వాత రోజు తేలిక.

ఆ చేటు ఆగస్టులో తెలియదు. ఆ నెలలోనే రియల్ స్పానిష్ సూపర్‌కప్ కూడా గెలిచింది. తెలిసింది మార్చి, ఏప్రిల్‌లలో. స్పానిష్ కప్ ఫైనల్లో జరగోసా చేతిలో అదనపు సమయంలో ఓటమి. చాంపియన్స్ లీగ్‌లో సొంత మైదానంలో 4-2తో గెలిచి, మొనాకోలో 3-1తో ఓడి నిష్క్రమణ. లీగ్‌లో ఆఖరి ఐదు మ్యాచ్‌లూ వరసగా పోయాయి. నాలుగో స్థానం. మిడ్‌ఫీల్డర్ మకెలెలేను చెల్సీకి అమ్మేయడమే కారణమని, జట్టులో లోతు లేదని చెప్పేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. కానీ ఉన్న కొద్దిమందినే ఏడాదంతా ఆడించాలనుకున్నప్పుడు వాళ్ల కాళ్లకు జూలైలో వేయాల్సిన పునాది ఇంకా గట్టిగా ఉండాలి కదా?

మూడేళ్ల తర్వాత ఫాబియో కపెల్లో వచ్చినప్పుడు వరస మారింది. ముందు ఆస్ట్రియాలోని ఇర్డ్‌నింగ్ అనే చిన్న ఊళ్లో క్యాంపు. అది అయ్యాకే అమెరికాలో మ్యాచ్‌లు. ఆ సీజన్‌లో రియల్ బార్సిలోనాతో సమానంగా 76 పాయింట్లు సాధించి, ముఖాముఖి ఫలితాలతో టైటిల్ పట్టుకుంది. ఒక్క క్యాంపు టైటిల్ తెచ్చిందని నేననను. టూర్ మానకుండానే క్యాంపును ముందు పెట్టవచ్చని మాత్రం ఆ వేసవి చూపించింది.

ఆ పాఠం నిలవలేదు. 2014లో ఆన్ ఆర్బర్‌లో మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ ఆడిన ఫ్రెండ్లీకి 1,09,318 మంది వచ్చారు. అమెరికాలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు అదే రికార్డు. ఆ టూర్‌లోనే యునైటెడ్ కోచ్ లూయీ వాన్ గాల్ వాణిజ్య కార్యక్రమాలూ దూరాభారం ప్రయాణాలూ సన్నద్ధతను దెబ్బతీస్తున్నాయని బాహాటంగా చెప్పాడు. యునైటెడ్ అక్కడ టోర్నీ గెలిచింది, ఇంటికొచ్చి మొదటి లీగ్ మ్యాచ్‌లోనే స్వాన్సీ చేతిలో ఓడింది. 2016లో బీజింగ్‌లో మాంచెస్టర్ జట్లు రెండూ వానకు పాడైన మైదానం వల్ల ఆడకుండానే తిరిగొచ్చాయి.

క్లబ్బుల వాదనా వినాలి. ఆదాయానికి తగ్గట్టే ఖర్చుండాలన్న నిబంధనలు వచ్చాక టూర్ డబ్బు, స్పాన్సర్ల డబ్బు జీతాలకు ఆధారమయ్యాయి. దూరదేశపు అభిమాని తన జట్టును కళ్లారా చూసేది అప్పుడే. సన్నద్ధత లేకుండానూ గెలవచ్చని వాళ్లు పారిస్ సెయింట్ జెర్మెయిన్‌ను చూపిస్తారు: 2025 జూలై 13న క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్ ఆడి, ఆగస్టు 13న టాటెన్‌హామ్‌పై యూరప్ సూపర్‌కప్ గెలిచింది.

అదే టాటెన్‌హామ్ అంతకు పది రోజుల ముందు సియోల్‌లో ఉంది. న్యూకాసిల్‌తో ఫ్రెండ్లీ. టాటెన్‌హామ్ కెప్టెన్, కొరియావాడైన సోన్ హ్యుంగ్ మిన్ వీడ్కోలు కావడంతో స్టేడియం నిండిపోయింది. రెండో సగంలో టాటెన్‌హామ్ ఆటగాడు జేమ్స్ మాడిసన్ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. లిగమెంట్ తెగింది. మోకాలు ఎక్కడైనా పోవచ్చు, దాన్ని ప్రయాణం మీదికి నెట్టలేం. కానీ ఏ పట్టికలోనూ పాయింట్ రాని ఆ మ్యాచ్‌కు అతను కట్టిన మూల్యం దాదాపు ఒక సీజన్.

2024 అక్టోబర్‌లో ఫిఫ్‌ప్రో, యూరప్ లీగ్‌లు కలిసి యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చిన ఫిర్యాదు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా క్యాలెండర్ మీద. క్లబ్బులు తమంతట తాము ఒప్పుకునే ఫ్రెండ్లీల మీద కాదు. 2025 జూలైలో ఫిఫా సీజన్ ముగిశాక కనీసం 21 రోజుల విశ్రాంతి అన్నది. ఆ సమావేశానికి ఫిఫ్‌ప్రోను పిలవలేదు. ఆ 21 రోజులనే పాటించినా, ఫైనల్ ఆడి ప్రీమియర్ లీగ్‌కు తిరిగొచ్చేవాడికి 33లో మిగిలేవి 12. ఆ 12 రోజులు మైదానంలో గడుస్తాయా, విమానంలో గడుస్తాయా అన్నదాని మీదే ఈ వేసవి తగాదా అంతా.