తాతయ్య గుండె గురించి మీరు వచ్చేలోపు

చిన్నాకీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

సెలవులకి మీరొచ్చేసరికి ఇంట్లో కొన్ని మారి ఉంటాయి. తాతయ్య మంచం తలవైపు ఎత్తు పెట్టాం. బరువు చూసే మిషను కొన్నాం. ఆవకాయ జాడీ భోజనాల బల్ల మీద ఉండదు. తాతయ్యకి హార్ట్ ఫెయిల్యూర్ అని ఫోనులో విని బుజ్జి ఏడ్చిందట. తాతయ్య గుండె ఆగిపోలేదమ్మా, బలం తగ్గింది. చిన్న జబ్బని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ మందులు సరిగ్గా వాడుతూ ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళని, నర్సుగా పనిచేసిన రోజుల్లో చాలామందిని చూశాను.

గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. కూర్చుని ఉన్నా సరే నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తిప్పుతుంది. తాతయ్యకి ఆమధ్య వచ్చిన హార్ట్ ఎటాక్‌లో గుండె కండరం కొంత చచ్చిపోయింది. మిగిలిన కండరం ఆ పని కూడా తనే చేసీ చేసీ సాగిపోయింది. మన కాలువలో కింది తూము సరిగ్గా లాగకపోతే ఎగువన నీళ్ళు నిలబడి గట్టంతా చెమ్మెక్కుతుంది కదా, ఒంట్లోనూ అదే జరుగుతుంది. ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం, పడుకోగానే దగ్గు. కాళ్ళలో చేరితే వాపు. పైగా రక్తం చాలినంత అందక మూత్రపిండాలు, ఒంట్లో నీళ్ళు తగ్గాయనుకుని ఉప్పునీ నీటినీ ఇంకా పట్టి ఉంచుతాయి.

ఎకో పరీక్షలో 30 శాతం వచ్చిందని విని చిన్నా అది ఫెయిల్ మార్కు అనుకున్నాడట. ఒరేయ్, ఇందులో నూటికి నూరు ఎవరికీ రాదు. గుండె నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. బాగున్నవాళ్ళకే 55 నుంచి 70 మధ్య ఉంటుంది. మందులతో తాతయ్యది పెరగొచ్చు కూడా.

ఆ మందుల్లో రెండింటి సంగతి తమాషాగా ఉంటుంది. ఒకటి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్. బలం లేని గుండెకి అది ఇవ్వనే కూడదని ఒకప్పుడు డాక్టర్లు చదువుకునేవారు. 1975లో స్వీడన్ డాక్టర్లు కొద్దిమంది రోగులకి ఇచ్చి చూసి, మేలు చేస్తోందన్నారు. 1990లలో వేలమంది మీద జరిగిన పరీక్షలు వాళ్ళ మాటే నిజమని తేల్చాయి. రెండోది డాపాగ్లిఫ్లోజిన్. "షుగర్ లేని మనిషికి షుగర్ మాత్ర ఎందుకు?" అని ఎదురింటి మామ్మగారు రోజూ అడుగుతారు. షుగర్ లేనివాళ్ళ గుండెకీ అది మేలు చేస్తుందని 2019లో తేలింది. మన దేశంలో పేటెంట్ అయిపోయాక ధర కూడా బాగా దిగింది.

ఇక నీళ్ళ మాత్ర. అది వేసుకున్న కాసేపటికే మూత్రం జోరుగా వస్తుంది. తాతయ్య టీవీ మధ్యలో పదిసార్లు లేస్తే నవ్వకండి. సిగ్గుపడి మాత్ర మానేస్తారు, అదే నా టెన్షన్. ఆయాసం తగ్గింది కదా అని మందులు ఆపేసి, నీరు పట్టి మళ్ళీ వార్డుకే వచ్చినవాళ్ళు నాకు తెలుసు. తగ్గించింది ఆ మందులేనని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మీకో పని అప్పజెబుతాను. పొద్దున్నే తాతయ్య బాత్‌రూముకి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, బరువు చూసి క్యాలెండరు మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు చేయడం కాదు, నీరు. వెంటనే నాకు చెప్పండి, డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. వేలితో కాలు నొక్కితే గుంట పడి అలాగే ఉన్నా, తలగడలు రెండు చాలక మూడోది అడిగినా చెప్పండి. కూర్చున్నా ఊపిరి అందకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా నన్ను వెతుక్కుంటూ తిరగొద్దు, ముందు 108కి ఫోన్ చేయండి.

ఉప్పు దాక్కునే చోట్లు మీకు తెలుసు: ఊరగాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు, మీ చిప్స్ ప్యాకెట్లు. దొంగచాటుగా పెట్టొద్దు, ఆయన అడుగుతారు! మన కోనసీమలో పలకరించడానికి వచ్చినవాళ్ళు కొబ్బరి బోండాలు తెస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ, తాతయ్య మందుల్లో కొన్ని దాన్ని ఇంకా పెంచుతాయి, అందుకని డాక్టరుగారిని అడిగాకే. 'లో సోడియం' ఉప్పుకీ ఇదే మాట. బోండాలు మీరు తాగేయండి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివైతే అసలే వద్దు, అవి నీటిని పట్టి ఉంచుతాయి.

సాయంత్రం ఆయన్ని లాకుల దాకా నడిపించండి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుంది. మాట తెగుతుంటే కాసేపు ఆగండి.

బరువు మిషనుకి బిళ్ళ బ్యాటరీ కావాలి, ఇక్కడ దొరకడం లేదు. నంబరు మీ నాన్నకి ఫోనులో పంపాను, రెండు తెమ్మనండి.

మీ అమ్మమ్మ