రవ్వగా పుట్టి ప్రవాహంగా మారిన విద్యుత్తు

విద్యుత్తు చరిత్ర అనగానే చాలామందికి ఉరుముల మబ్బు కింద గాలిపటం ఎగరేస్తున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ గుర్తుకొస్తాడు. ఆ ప్రయోగం విలువను తగ్గించనక్కరలేదు. కానీ విద్యుత్తు మనిషికి పనికొచ్చే శక్తిగా మారిన మలుపు ఎక్కడుందని వెతికితే, 1752 నాటి గాలిపటం కన్నా 1800లో ఇటలీలో ఒకదానిమీద ఒకటి పేర్చిన లోహపు బిళ్లల దొంతరకే పెద్దపీట వేయాలి. అంతకుముందు రెండు వందల ఏళ్లపాటు పరిశోధకులకు చిక్కిందంతా క్షణంలో పుట్టి క్షణంలో ఆరిపోయే రవ్వే.

రుద్దిన అంబరు (గట్టిపడిన పురాతన చెట్టు జిగురు) గడ్డిపోచలను లాగుతుందని ప్రాచీన గ్రీకులకు తెలుసు. దానిని పద్ధతిగా పరీక్షించినవాడు ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్. మొనమీద తేలికగా తిరిగే లోహపు సూదిని అమర్చుకుని, రుద్దిన వస్తువులను ఒక్కొక్కటిగా దాని దగ్గరకు తెచ్చి, గాజు, గంధకం, రకరకాల రత్నాలు కూడా అంబరులాగే ప్రవర్తిస్తాయని 1600లో వెలువడిన తన గ్రంథంలో చూపాడు. అయస్కాంతపు ఆకర్షణ వేరు, ఈ ఆకర్షణ వేరు అని తేల్చి చెప్పింది కూడా ఆయనే. ఆ తీర్పు అప్పటికి సరైనదే గాని, ఆ రెండింటి మధ్య ఉన్న బంధుత్వం బయటపడడానికి మరో 220 ఏళ్లు పట్టింది.

ఈ తొలి దశలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది స్టీఫెన్ గ్రే చేసిన పని. వృత్తిరీత్యా బట్టలకు రంగులద్దే ఈయన వృద్ధాప్యంలో లండన్‌లోని ఒక ధర్మాశ్రయంలో ఉంటూ, 1729లో ఒక గాజు గొట్టాన్ని రుద్ది చూస్తుండగా, దాని చివర బిగించిన బెండు బిరడా కూడా ఈకను ఆకర్షించడం గమనించాడు. అంటే రుద్దినచోట పుట్టిన గుణం రుద్దనిచోటికి పాకిందన్నమాట. ఎంత దూరం పాకుతుందో చూద్దామని బిరడాకు జనపనార తాడు కట్టి, తాడు చివర దంతపు బంతి వేలాడదీసి, ఆ తాడును పట్టుదారాలతో అడ్డంగా కట్టి నిలబెట్టాడు. ఫలితం వచ్చింది. ఒకసారి పట్టుదారం తెగిపోతే, దాని స్థానంలో బరువు మోయగల సన్నని ఇత్తడి తీగ కట్టాడు. అంతే, బంతి ఆకర్షించడం మానేసింది. పట్టు పనిచేసింది సన్నగా ఉన్నందువల్ల కాదనీ, అది పట్టు అయినందువల్లేననీ గ్రేకు అప్పుడు తెలిసింది. విద్యుత్తును పోనిచ్చే వాహకాలు, పోనివ్వని బంధకాలు అని నేటి పాఠ్యపుస్తకాలు చేసే విభజన ఆ తెగిన దారం దగ్గరే మొదలైంది. 1731లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీ తన మొట్టమొదటి కోప్లీ పతకాన్ని ఆయనకే ఇచ్చింది.

1745, 1746 సంవత్సరాల్లో జర్మనీలో క్లైస్ట్, హాలండులో ముషెన్‌బ్రోక్ విడివిడిగా కనిపెట్టిన లైడెన్ జాడీతో విద్యుదావేశాన్ని నిల్వచేయడం సాధ్యమైంది. గాజు సీసాలో నీళ్లు పోసి, అందులోకి దిగేలా లోహపు కడ్డీ పెట్టి, సీసాను చేత్తో పట్టుకుని కడ్డీకి ఆవేశం ఎక్కిస్తే, గాజుకు లోపల ఒక ఆవేశం, వెలుపల దానికి విరుద్ధమైన ఆవేశం పోగవుతాయి. రెండో చేత్తో కడ్డీని తాకినవాడికి గట్టి షాకు తగులుతుంది. ఫ్రాన్స్ రాజు ఎదుట నోలే అనే శాస్త్రజ్ఞుడు 180 మంది సైనికులను చేతులు కలిపి వరుసగా నిలబెట్టి, ఒక్క జాడీతో అందరినీ ఒకేసారి ఎగిరి దూకించాడు. వినోదానికి కొదవ లేదు గాని, ఆ జాడీ నిండు కుండను ఒక్కసారిగా బోర్లించడం లాంటిది. ధార కట్టి పోయడం దానికి చేతకాదు.

ఫ్రాంక్లిన్ పాత్ర ఇక్కడ వస్తుంది. ఆవేశాన్ని ధన, రుణ అని లెక్కగట్టడం, జాడీ పనితీరును ఆ లెక్కతో వివరించడం, పిడుగు కూడా విద్యుత్తేనని పరీక్షించే పద్ధతిని సూచించడం ఆయన ఘనత. అయితే ఆయన సూచించిన పరీక్షను ముందుగా జరిపింది ఫ్రెంచివారు: 1752 మే 10న మార్లీ అనే ఊళ్లో నిలబెట్టిన ఎత్తైన ఇనుప కడ్డీ నుంచి మబ్బు పట్టినప్పుడు రవ్వలు రాలాయి. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలాంటి ప్రయోగమే చేస్తూ రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు పిడుగుపాటుకు చనిపోయాడు. 1785లో కూలుంబ్ ఆవేశాల మధ్య బలం దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని కొలిచి చూపడంతో, నిశ్చల విద్యుత్తు శాస్త్రం ఒక దరికి చేరింది.

అసలు మలుపు తిప్పింది ఒక పొరపాటు. బొలోన్యా నగరంలో శరీరశాస్త్రం బోధించే లూయిజీ గాల్వానీ, కోసి ఉంచిన కప్ప కాళ్లు, రాపిడితో ఆవేశం పుట్టించే విద్యుత్ యంత్రపు రవ్వ దూరాన మెరిసినప్పుడు కూడా గిలగిల్లాడడం చూశాడు. తర్వాత, ఇత్తడి కొక్కేలకు గుచ్చిన కప్ప కాళ్లు ఇనుప కడ్డీలకు తగిలితే, ఏ యంత్రమూ మబ్బూ లేకుండానే కదిలాయి. జంతువుల కండరాల్లోనే విద్యుత్తు దాగి ఉందని 1791లో ఆయన ప్రకటించాడు. పావియాలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన అలెస్సాండ్రో వోల్టా మొదట దీన్ని నమ్మి, తానే ప్రయోగాలు చేసి, క్రమంగా అనుమానించడం మొదలుపెట్టాడు. ఆయన దృష్టి కప్ప మీద నుంచి కొక్కెం మీదకు మళ్లింది: కాలు బాగా కదలాలంటే రెండు వేర్వేరు లోహాలు కావాలి. తన నాలుక కొనమీద తగరపు రేకు, వెనక వెండి నాణెం ఉంచుకుని రెండింటినీ కలిపితే పుల్లని రుచి తెలిసింది; పైగా లోహాలు కలిసి ఉన్నంతసేపూ ఆ రుచి నిలిచే ఉంది. ఏ జాడీ అయినా ఒక్క దెబ్బతో ఖాళీ అవుతుంది. ఇక్కడ మాత్రం ఏదో ఆగకుండా పారుతూనే ఉంది.

వెండి బిళ్ల, జింకు బిళ్ల, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, మళ్లీ వెండి, జింకు, అట్ట, ఇలా పదుల కొద్దీ పేర్చిన దొంతర గురించి వోల్టా 1800 మార్చి 20న రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు లేఖ రాశాడు. అదే మొదటి బ్యాటరీ. రెండు లోహాలు తాకడమే విద్యుత్తుకు మూలమని వోల్టా చివరిదాకా అనుకున్నాడు. నిజానికి జింకు ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంటే, ఆ ఎలక్ట్రాన్లు తీగ గుండా తిరిగి రెండో లోహాన్ని చేరి అక్కడ మరో రసాయన చర్యలో ఖర్చవుతాయి. ప్రవాహానికి ధర చెల్లించేది జింకే. గాల్వానీ కూడా పూర్తిగా తప్పు కాదు: నరాల్లో విద్యుత్ సంకేతాలు ప్రయాణించడం తర్వాతి శతాబ్దంలో రుజువైంది. ఇద్దరూ సగం సగం ఒప్పు కావడం వల్లే వారి వాదం అంత ఫలించిందని నా అభిప్రాయం.

నిలకడగా పారే ప్రవాహం దొరకగానే తలుపులు వరుసగా తెరుచుకున్నాయి. కొద్ది వారాల్లోనే నికల్సన్, కార్లైల్ నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. 1807లో హంఫ్రీ డేవీ పొటాషియం, సోడియం లోహాలను వేరుచేశాడు. 1820లో కోపెన్‌హాగెన్‌లో ఆర్‌స్టెడ్, ప్రవాహం ఉన్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూశాడు. పిడుగు పడిన ఓడల్లో దిక్సూచులు తారుమారవుతాయని నావికులకు ముందే తెలిసినా, గిల్బర్ట్ విడదీసిన రెండూ ఒకే కుటుంబమని ప్రయోగశాలలో చూడటానికి కాసేపు నిలిచి పారే ప్రవాహం కావలసి వచ్చింది.

విద్యుత్తు అయస్కాంతత్వాన్ని పుట్టిస్తే అయస్కాంతం విద్యుత్తును పుట్టించాలి గదా అని పదేళ్లపాటు చాలామంది వెతికారు. జెనీవాలో కొలాడన్ తీగచుట్టలో అయస్కాంతం జొనిపి చూశాడు. కానీ అయస్కాంతం ప్రభావం సోకకూడదని ప్రవాహాన్ని ముల్లు కదలికతో చూపే గాల్వనోమీటరును వేరే గదిలో పెట్టాడు. ఆయన నడిచి వెళ్లేసరికి ముల్లు కదిలి, మళ్లీ యథాస్థానానికి వచ్చేసేది. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయం మీద ఇరువైపులా రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపాడు. రెండోవైపు ముల్లు కలిపినప్పుడొకసారి, తీసినప్పుడొకసారి మాత్రమే కదిలింది; మధ్యలో ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపూ ఊరకుంది. కావలసింది అయస్కాంతం ఉండడం కాదు, అది మారుతూ ఉండడం. రెండు నెలల్లోనే ఆయన పెద్ద అయస్కాంతపు ధ్రువాల మధ్య రాగి పళ్లెం తిప్పి, ఎడతెగని ప్రవాహాన్ని రాబట్టాడు. ఇక జింకును కరిగించనక్కరలేదు, ఏదో ఒకదాన్ని తిప్పితే చాలు.

అయినా ఆ పళ్లెం వీధి దీపాల దాకా రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ ప్రారంభించిన పెర్ల్ స్ట్రీట్ కేంద్రం ఒకే దిశలో పారే విద్యుత్తును ఇచ్చేది. తక్కువ వోల్టేజీ కారణంగా తీగల్లో నష్టం ఎక్కువై, దాన్ని దూరం పంపడం గిట్టుబాటు కాలేదు. దిశ మార్చుకుంటూ పారే ప్రవాహానికి ఆ చిక్కు లేదు: అది నిరంతరం మారుతూ ఉంటుంది కనుక, ఫారడే వలయం లాంటి ట్రాన్స్‌ఫార్మర్‌తో దాని వోల్టేజీని పెంచి పంపి, చేరాక తగ్గించుకోవచ్చు. 1891లో జర్మనీలో లౌఫెన్ దగ్గర నీటి బలంతో పుట్టించిన విద్యుత్తును 175 కిలోమీటర్ల దూరాన ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరుగుతున్న ప్రదర్శనకు ఈ పద్ధతిలోనే పంపారు; దాదాపు నాలుగింట మూడు వంతుల శక్తి గమ్యానికి చేరింది.