"ఆవిడ టోన్ బాగోదండీ": ఆఫీసుల్లో నల్లజాతి మహిళల గురించి మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే నా ఫోనుకి తీరిక ఉండదు. అమెరికాలో డాలస్ దగ్గర ఒక పెద్ద కంపెనీ హెచ్ఆర్‌లో ఎంప్లాయీ రిలేషన్స్ చూస్తాను నేను. రేటింగుల మీద గొడవలు, కంప్లయింట్లు, విచారణలు, అన్నీ తిరిగి తిరిగి నా బల్ల మీదకే వస్తాయి. మేనేజర్లలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. నేనూ తెలుగేనని తెలిశాక కాస్త చనువుగా, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మా టీమ్‌లో ఒక బ్లాక్ లేడీ ఉన్నారండీ. పని బాగానే చేస్తారు గానీ టోన్ బాగోదు. రేటింగ్ తగ్గిస్తే కేసు వేస్తారంటారా?"

అడిగే మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. విడివిడిగా ఎంతమందికని చెప్పను, అందుకే ఇక్కడ రాస్తున్నా. క్యాలిబ్రేషన్ అంటే మేనేజర్లంతా కూర్చుని అందరి రేటింగులూ పోల్చి ఖరారు చేసే మీటింగ్.

అపోహ: "ఆవిడకి కోపం ఎక్కువ. అది ఆవిడ స్వభావం. రంగుతో దానికి సంబంధం లేదు."

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. ప్రమోషన్లు, బోనస్‌లు, ఉద్యోగాలు పోయేది ఎక్కువగా దీని దగ్గరే.

ఒక క్యాలిబ్రేషన్‌లో జరిగింది చెబుతాను. ఒకే సాఫ్ట్‌వేర్ రిలీజ్ మీద ఇద్దరు ప్రోగ్రామ్ మేనేజర్లు పనిచేశారు. ఒకరు తెల్లాయన, ఒకరు నల్లజాతి ఆవిడ. దాన్ని ఎప్పుడు వదలాలో తేల్చే గో-లైవ్ మీటింగ్‌లో ఆవిడ, "ఈ తేదీకి వదిలితే కస్టమర్లకి రీఫండ్లు రెండేసి సార్లు పోతాయి. నేను సైన్ ఆఫ్ ఇవ్వను" అన్నారు. అంతే, గొంతు కూడా పెంచలేదు. అంతకు ముందు వారం ఆయనగారు అదే ప్లాన్‌ని అందరి ముందూ చెత్త అని, ల్యాప్‌టాప్ మూసి లేచి వెళ్ళిపోయాడు. సంవత్సరం చివర రివ్యూలు నా ముందుకొచ్చాయి. ఆయనకి "క్వాలిటీ విషయంలో రాజీపడని మనిషి" అని రాశారు. ఆవిడకి "సహోద్యోగులతో మాట్లాడే తీరు మెరుగుపరుచుకోవాలి" అని రాశారు. రాసింది ఒకే మేనేజరు. మనవాడే, మంచివాడే, ఎవరికీ కీడు తలపెట్టే రకం కాదు.

నేను అడిగింది ఒక్కటే. "ఏ రోజు, ఎవరితో, ఏమన్నారు?" నోట్స్ అన్నీ వెతికాడు. ఆ రీఫండ్ల మాట ఒక్కటే దొరికింది. ఇంకా ఏమైనా ఉందా అంటే, "ఆవిడతో కష్టం అని చాలామంది అంటుంటారు" అన్నాడు. ఎవరా చాలామంది అంటే, లంచ్ టేబుల్ దగ్గర ఒకరు. ఆవిడ చెప్పింది నిజమే అయింది. టెస్టింగ్‌లో రీఫండ్లు నిజంగానే రెండేసి పోయాయి. ముందే పట్టుకున్న ఘనత రివ్యూలో ఎవరి ఖాతాలో పడిందో తెలుసా? "టీమ్" ఖాతాలో. మాట తీరు మాత్రం ఆవిడ సొంత ఖాతాలోకి వెళ్ళింది. ఆ వాక్యం తీయించాం, రేటింగ్ సరిచేశాం. ప్రమోషన్ మాత్రం మళ్ళీ ఏడాదికే వచ్చింది.

ఇది మా ఆఫీసు గోల మాత్రమే అనుకోకండి. 2022లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ సైకాలజీలో ఒక అధ్యయనం వచ్చింది. పనిచేసే చోట ఒకే రకమైన కోపం చూపించినా, నల్లజాతి మహిళ విషయంలో చూసేవాళ్ళు దాన్ని ఆవిడ స్వభావానికి అంటగట్టారు, పనితీరుకి తక్కువ మార్కులూ వేశారు. అంటే తెల్లావిడకి కోపమొస్తే "ఏమైంది పాపం" అనిపిస్తుంది, ఈవిడకొస్తే "ఈవిడంతే" అనిపిస్తుంది. పైగా మా క్యాలిబ్రేషన్‌లో చూశారుగా, అసలు కోపమే పడని చోట కూడా అదే ముద్ర.

ఈ ముద్ర ఇవాళ్టిది కాదు. రేడియో రోజుల నుంచీ అమెరికన్ హాస్య కార్యక్రమాల్లో నడుం మీద చేతులు పెట్టుకుని మొగుణ్ణి సాధించే నల్లజాతి ఇల్లాలి పాత్ర ఒకటి నడుస్తూనే ఉంది. మనకి సూర్యకాంతం అనగానే గయ్యాళి అత్త గుర్తొచ్చినట్టే. ఆవిడ బయట ఎంత మెత్తటి మనిషో, సెట్లో అందరికీ ఎంత ప్రేమగా వండి పెట్టేదో చెప్పుకుంటూనే, ఆ పేరు పిల్లలకి పెట్టడం మానేశాం. సినిమా నటి విషయంలో పోయింది ఒక పేరే. ఇక్కడ పోతున్నది జీతం.

ఇంక "కేసు వేస్తారేమో" అన్న భయం సంగతి. కొత్తగా మేనేజర్ అయినవాళ్ళ మీద నాకు జాలే తప్ప కోపం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఏదో అంటారు, వీళ్ళకి నిద్ర పట్టదు. ఏం చేస్తారంటే, ఆవిడతో మాట్లాడటమే తగ్గించేస్తారు. ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవాల్సిన వన్ ఆన్ వన్ పది నిమిషాల్లో ముగిసిపోతుంది. అడిగితే "యూ ఆర్ డూయింగ్ గ్రేట్" అంటారు. ఏడాదంతా అలా గడిచాక డిసెంబరులో తక్కువ రేటింగ్ చేతికిస్తారు. అయ్యా, కేసులు పుట్టేది సరిగ్గా ఇక్కడే! నేను చూసిన కంప్లయింట్లలో "కఠినంగా ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు" అని వచ్చినవి అరుదు. "ఏడాదంతా బాగుందన్నారు, చివర్లో దించేశారు, కారణం అడిగితే టోన్ అన్నారు" అని వచ్చినవే ఎక్కువ. పక్క సీటువాడికి మార్చిలోనే సూటిగా చెప్పి దిద్దుకునే వీలిచ్చి, ఈవిడకి ఇవ్వకపోతే అదే వివక్ష అవుతుంది. సూటిగా చెప్పండి. ఏ డాక్యుమెంట్‌లో ఏ లోపం ఉందో, ఎప్పటికి సరిచేయాలో చెప్పండి, అదే రోజు మెయిల్‌లో పెట్టండి. రివ్యూ రాసేటప్పుడు "అగ్రెసివ్", "టోన్", "ఆటిట్యూడ్" అని వేలు పడితే ఆగి, పక్కన తేదీ, అన్న మాట రాయగలరేమో చూడండి. రాయలేకపోతే ఆ మాట కొట్టేయండి. ఆ మనిషి పేరు తీసి మీ టీమ్‌లో ఇంకో మగాడి పేరు పెట్టి వాక్యం మళ్ళీ చదవండి. నవ్వొస్తే అదీ కొట్టేయండి.

అపోహ: "వాళ్ళకి ఇక్కడ రిజర్వేషన్ ఉంది కదండీ, డైవర్సిటీ కోటాలో వచ్చేస్తారు."

లేదు. ఇన్నేళ్ళుగా వింటున్నా, విసుగొస్తోంది. మన రోస్టర్ పాయింట్ల లాంటివి ఇక్కడి ప్రైవేటు ఉద్యోగాల్లో లేవు. 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్ ప్రకారం జాతి చూసి ఉద్యోగం ఇవ్వడమే నేరుగా చట్టవిరుద్ధం. 1965 నాటి ప్రెసిడెంట్ జాన్సన్ ఉత్తర్వు కూడా ప్రభుత్వ కాంట్రాక్టు సంస్థలని ప్రయత్నం చేయమంది, దాని కింద వచ్చిన నిబంధనలు లక్ష్యాలు పెట్టుకోమన్నాయి. ఇన్ని సీట్లు పక్కన పెట్టమనలేదు. ఆ ఉత్తర్వుని కూడా 2025 జనవరిలో రద్దు చేశారు. టైటిల్ సెవెన్ మాత్రం అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేసిన చట్టం, అది అలాగే ఉంది. "ఇంక ఇవన్నీ పట్టించుకోనక్కర్లేదట కదా" అని ఈమధ్య అడుగుతున్నవాళ్ళకి ఇదే జవాబు.

కోటాయే ఉంటే లెక్కలు ఇలా ఎందుకుంటాయి? మెకిన్సీ, లీన్ ఇన్ సంస్థల 2024 నివేదిక ప్రకారం మొదటిసారి మేనేజర్ అయ్యే మెట్టు దగ్గర వంద మంది మగవాళ్ళకి ప్రమోషన్ వస్తే ఆడవాళ్ళలో 81 మందికి, నల్లజాతి మహిళల్లో 54 మందికి వచ్చింది. ఫార్చ్యూన్ 500 కంపెనీల్లో ఒకదానికి నల్లజాతి మహిళ సీఈఓ అవడం మొదటిసారి 2009లో, జిరాక్స్‌లో ఉర్సులా బర్న్స్ విషయంలో జరిగింది. రెజ్యూమే చూసే దగ్గరా కోటా లేదు, ఇంటర్వ్యూకి పిలిచే దగ్గరా లేదు. 2004లో అచ్చయిన ప్రయోగం ఒకటుంది. బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి ఒకేలాంటి రెజ్యూమేలు పంపి పేర్లు మాత్రం మార్చారు. ఎమిలీ లాంటి పేర్లున్నవాటికి లకీషా లాంటి పేర్లున్నవాటి కంటే దాదాపు యాభై శాతం ఎక్కువగా ఫోన్లొచ్చాయి.

అపోహ: "మనమూ బ్రౌనే కదా, మనకేం వివక్ష ఉంటుంది?"

పెళ్ళి ప్రకటనల్లో అమ్మాయి ఛాయ రాసే జాతి మనది. ఇంతకంటే చెప్పడానికి ఏముంది? ఉంది, ఒకటుంది. "ఆ నల్లావిడ" అంటూ తెలుగులో ఆఫీసులోనే మాట్లాడేసుకుంటాం, ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో. విచారణ మొదలైతే చాట్ మెసేజీలు బయటికొస్తాయి, అనువాదకులూ వస్తారు. తెలుగులో అన్నంత మాత్రాన మాట మాయమైపోదు. ఆ టైటిల్ సెవెన్ మనల్నీ కాపాడుతోంది, పుట్టిన దేశం పేరుతో వివక్ష చూపకూడదని అందులోనే ఉంది. మనవాళ్ళకి ఇక్కడ తలుపులు తెరిచిన 1965 వలస చట్టం వచ్చింది కూడా ఆ పౌర హక్కుల ఉద్యమపు ఊపులోనే.

ఇంక మిగిలినవి గబగబా చెప్పేస్తా.

"ఆవిడ భలే స్ట్రాంగ్, ఎంత పనైనా తట్టుకుంటుంది." ఇది మెచ్చుకోలు అనుకుంటారు. దాని వెనకాలే ఇంకో ప్రాజెక్టు వస్తుంది. ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ మంత్ కార్యక్రమం, బానిసత్వం ముగిసిన రోజుగా జరుపుకునే జూన్‌టీన్త్ ప్యానెల్, కొత్తగా చేరినవాళ్ళకి మెంటరింగ్, అన్నీ ఆవిడకే. రివ్యూలో వీటికి కాలమ్ ఉండదు. కాలమ్ పెట్టండి, లేదా పని తీసేయండి.

"పని బాగా చేస్తే గుర్తింపు దానంతటదే వస్తుంది." నాసాలో గణితజ్ఞురాలైన నల్లజాతి మహిళ కేథరిన్ జాన్సన్‌ని అడగాల్సింది ఈ మాట. 1962లో వ్యోమగామి జాన్ గ్లెన్ అంతరిక్షంలోకి వెళ్ళే ముందు కంప్యూటర్ వేసిన లెక్కల్ని ఆవిడ చేత సరిచూపించమన్నాడు. నాసా నుంచి 1986లో రిటైరయ్యారు. ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ 2015లో వచ్చింది, 97 ఏళ్ళకి. గుర్తింపు అంటే పతకాలే కాదు, ముందు మనిషిని గుర్తుపట్టడం. 2010లో కాన్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి విద్యార్థులకి ముఖాలు చూపించారు. చూసిన ముఖాల్లో నల్లజాతి మహిళలవే తక్కువగా గుర్తున్నాయి. ఒక చర్చ వినిపించి ఎవరేమన్నారో చెప్పమంటే, వాళ్ళన్న మాటల్నే ఎక్కువగా ఇతరులకి అంటగట్టారు. మా ఫ్లోర్‌లో నల్లజాతి ఆడవాళ్ళు ఇద్దరుంటే ఒకరి పేరుతో ఇంకొకర్ని పిలవడం నేను వినని నెల లేదు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి! మీటింగ్‌లో ఆవిడ చెప్పిన ఐడియా మరొకరి నోట మళ్ళీ వస్తే, "ఇది ఇందాక ఫలానావారు చెప్పారు" అని అక్కడికక్కడే పేరు పెట్టి అనండి. మినిట్స్‌లో రాయించండి. ఐదు సెకన్ల పని.

జడలు, లాక్స్ "ప్రొఫెషనల్" కాదనడం: టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి, జాతితో ముడిపడిన జుట్టు తీరు చూసి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం ఉంది, మాట్లాడకండి. ముట్టుకుని చూడొచ్చా అని అడగనూ అడగకండి.

"ఆడవాళ్ళకి వేరే చట్టం, నల్లవాళ్ళకి వేరే చట్టం, రెండూ ఉన్నాయిగా, ఆవిడకి డబుల్ రక్షణ." ఈ మాటకి కొంచెం ఆగాలి. సెయింట్ లూయిస్‌లో జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి మహిళలు కేసు వేశారు. ఆ ప్లాంటులో 1964కి ముందు నల్లజాతి ఆడవాళ్ళని తీసుకోలేదు. 1970 తర్వాత చేరిన నల్లజాతి ఆడవాళ్ళంతా, చివర చేరినవాళ్ళని ముందు తీసేసే సీనియారిటీ పద్ధతిలో వచ్చిన లేఆఫ్‌లో పోయారు. 1976లో కోర్టు ఏమంది? కంపెనీ ఆడవాళ్ళని అంతకుముందే తీసుకుంది కదా అంది. వాళ్ళు తెల్లవాళ్ళు. జాతి వివక్ష అంటే, నల్లవాళ్ళు వేసిన ఇంకో కేసుందిగా, అందులో కలవండి అంది. రెండూ కలిపిన కేసు మాత్రం కుదరదంది. రెండు రక్షణల మధ్య సందులో పడిపోయారు వాళ్ళు. ఈ కేసుని చర్చిస్తూ న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్షా 1989లో రాసిన వ్యాసంతో ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాట వచ్చింది, అంటే రెండు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటం. మన టెక్సస్ వరకూ అయితే 1980లోనే ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు హ్యూస్టన్ కేసొకదానిలో, నల్లజాతి మగవాళ్ళనీ తెల్లజాతి ఆడవాళ్ళనీ బాగా చూసినా నల్లజాతి మహిళ పట్ల వివక్ష ఉండొచ్చని ఒప్పుకుంది. కాబట్టి "మా టీమ్‌లో ఆడవాళ్ళున్నారు, బ్లాక్ మగవాళ్ళూ ఉన్నారు" అని నా దగ్గర లెక్క చూపించకండి.

చివరగా, భయపడుతూ ఫోన్ చేసేవాళ్ళ కోసం. "పక్క సీటు ఆవిడకి అన్యాయం జరిగింది, నేను కళ్ళారా చూశాను. హెచ్ఆర్ పిలిచింది. నిజం చెబితే నా హెచ్1బీ పోతుందా?" సాక్ష్యం చెప్పినందుకు కక్ష సాధించడం అదే టైటిల్ సెవెన్ కింద విడిగా చట్టవిరుద్ధం. వీసా మీదున్నవాళ్ళకీ ఆ రక్షణ ఉంది. మీ భయం అర్థంలేనిదని నేననను. ఉద్యోగం పోతే వేరేది చూసుకోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులే కదా. అందుకని చూసింది చూసినట్టు, తేదీలతో రాసిపెట్టుకోండి. విన్నది, ఊహించింది అందులో కలపకండి. మేనేజర్ తీరు మారినట్టనిపిస్తే అదీ రాయండి. సలహా కావాలంటే కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకండి, ఆయన కంపెనీ మనిషి కూడాను. ఉద్యోగుల తరఫున వాదించే ఎంప్లాయ్‌మెంట్ లాయర్‌ని విడిగా కలవండి. ఆలస్యం మాత్రం చేయొద్దు. ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు గడువు సాధారణంగా 180 రోజులు, రాష్ట్ర సంస్థ ఉన్న చోట 300. కంపెనీలో అంతర్గత విచారణ నడుస్తున్నంత మాత్రాన ఆ గడియారం ఆగదు.